ఈ పూట పిల్లల్ని చూసేదెవరు?

ఛత్తీస్‌గఢ్ అంచున ఉన్న పామేడు చుట్టుపక్కల ఊళ్ళలో ఎండాకాలమంటే పెద్దవాళ్ళకు తీరిక లేని కాలం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే గంపలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి వెళ్ళాలి. మే వస్తే తునికాకు. ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లానికి చేర్చేదాకా ఇంటిల్లిపాదికీ అదే పని. కొన్ని కుటుంబాలు అంతకు ముందే మిర్చి కోతలకని సరిహద్దు దాటి తెలంగాణ వైపు వెళ్ళి, తోటల పక్కనే గుడిసెలు వేసుకుని ఉంటాయి. బడికి సెలవులు. ఇళ్ళ దగ్గర మిగిలేది ముసలివాళ్ళూ పిల్లలూ. ఎనిమిదేళ్ళ అక్క చంకలో రెండేళ్ళ తమ్ముడు ఉంటాడు. ఎండ ముదిరేసరికి అందరూ చేరేది వాగు దగ్గరికే.

అలా చేరటం పిల్లల తప్పు కాదు, అడవికి వెళ్ళటం మీ తప్పూ కాదు. ఏడాదికి సరిపడా రూపాయలు వచ్చే రోజులు అవే. వాగు వైపు వెళ్ళొద్దని కట్టడి చేసి ఊరుకుంటే, ఆ మాట రెండు రోజులు కూడా నిలబడదు. ఇప్పుడు దానికి తోడు రోడ్డు కూడా వచ్చింది. బీజాపూర్ జిల్లాలో ఉన్న పామేడు వాళ్ళు తమ జిల్లా కేంద్రానికి వెళ్ళాలంటే చాలా ఏళ్ళు తెలంగాణలోకి దిగి, చర్ల, భద్రాచలం మీదుగా చుట్టి వెళ్ళాల్సి వచ్చేది. కాలిబాటలున్న చోట ఇప్పుడు తారు పడుతోంది. ట్రాక్టర్లు, టిప్పర్లు, బైకులు పెరిగాయి. ఇది మంచి మార్పే. కానీ కాలిబాట మీద పెరిగిన పిల్లలకు రోడ్డు అలవాటు లేదు. అందుకే ఈ ఎండాకాలానికి వాగు గురించీ రోడ్డు గురించీ కలిపి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు ఒక పేరు అనుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా దాదాపు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. వాళ్ళలో సుమారు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పసివాళ్ళు. ఆ వయసు పిల్లలు మునిగేది ఎక్కడో సముద్రంలో కాదు. ఇంటి వెనక కుంటలో, బావిలో, నీళ్ళ తొట్టిలో, పెరటి పక్క వాగులో మునుగుతారు. ఆ సమయంలో పెద్దవాళ్ళు దగ్గరలోనే ఏదో పనిలో ఉంటారు.

బంగ్లాదేశ్ పల్లెల్లో దీన్ని శ్రద్ధగా గమనించారు. అక్కడ ప్రతి ఇంటి పక్కనా చెరువే. పసివాళ్ళు ఎక్కువగా పొద్దున 9 గంటలకూ మధ్యాహ్నం 1 గంటకూ మధ్య, తల్లులు ఇంటిపనిలో మునిగి ఉన్నప్పుడు చనిపోతున్నారని తేలింది. ఆ నాలుగు గంటల పాటు ఊళ్ళోని చిన్నపిల్లలందరినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టి, శిక్షణ ఇచ్చిన ఒక ఊరి ఆడమనిషికి అప్పగించారు. అలా వచ్చే పిల్లల్లో నీట మునిగి చనిపోవటం 80 శాతానికి పైగా తగ్గింది. వాళ్ళు చెరువులు పూడ్చలేదు, గోడలు కట్టలేదు. ఆ కొన్ని గంటలు పిల్లల మీద కళ్ళు పెట్టే మనిషిని ఏర్పాటు చేశారు, అంతే.

ఆ పని మన ఊళ్ళో కూడా చేయొచ్చు, దానికి డబ్బు అక్కర్లేదు. తునికాకుకు కలిసి వెళ్ళే నాలుగైదు ఇళ్ళవాళ్ళు ముందురోజు రాత్రే మాట్లాడుకోండి. రోజుకొకరు ఇంటి దగ్గర ఉండి అందరి పిల్లల్నీ చూస్తారు. మిగతావాళ్ళు ఆ మనిషి వాటా ఆకు కూడా కోసి ఇస్తారు. అంగన్‌వాడీ నడిచే రోజుల్లో అక్కడికి పంపండి. సెలవులైతే ఇలా వంతులు వేసుకోండి. బయల్దేరే ముందు "ఈ రోజు పిల్లలు నీ దగ్గరున్నారు అక్కా" అని పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారులే అనుకుంటే ఎవరూ చూడరు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో, దినాల్లో ఇదే జరుగుతుంది. ఇంటి నిండా చుట్టాలుంటారు, పిల్లాడు ఎటు వెళ్ళాడో ఒక్కరికీ తెలియదు.

పిల్లల్ని చూసే వంతు వచ్చినవాళ్ళు ఆ పూట ఫోను పక్కన పెట్టాలి, కల్లు ముట్టకూడదు. నిద్ర వస్తే ఇంకొకరికి పేరు పెట్టి అప్పగించి పడుకోవాలి. నీళ్ళ దగ్గర ఐదేళ్ళలోపు బిడ్డ మీ చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉండాలి. ఒడ్డున కూర్చుని చూస్తున్నాం కదా అంటే సరిపోదు. మునిగే బిడ్డ కేకలు వేయదు. నోరు నీటి మట్టానికి వస్తుంది, తల వెనక్కి వాలుతుంది, చేతులు నీళ్ళను కిందికి నొక్కుతుంటాయి. ఊపిరికే అవకాశం లేనప్పుడు అరుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? అల్లరి చేస్తున్న పిల్లలు ఒక్కసారి మౌనమైపోతే లేచి చూడండి.

ఇక ఎనిమిదేళ్ళ అక్క. ఆమె తమ్ముణ్ణి ఎత్తుకోగలదు, అన్నం పెట్టగలదు, లాలించగలదు. నీళ్ళలో జారితే తీయలేదు. ఆ బరువు ఆ పసిదాని మీద పెట్టకండి. ఏదైనా జరిగితే జీవితమంతా తన వల్లేననుకుంటుంది.

వాగు ఎండినా మడుగు ఎండదు

చింతవాగు గానీ తాలిపేరు గానీ ఏప్రిల్‌లో చూస్తే భయం వేయదు. ఇసుక తేలి ఉంటుంది, మధ్యలో మోకాలి లోతు పాయ పారుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. వాగు వంపు తిరిగే చోట బయటి వైపు ఒడ్డును నీరు ఏళ్ళ తరబడి కోస్తూ వస్తుంది. బండల పక్కన గుంత పడుతుంది. ఎండాకాలంలో నీరంతా తగ్గి అలాంటి చోట్లే నిలుస్తుంది. పైకి చూస్తే అంతా ఒకే మట్టం. రెండడుగులు వేస్తే మోకాలి లోతు, మూడో అడుగుకు మనిషి మునిగే లోతు. చేపలు చేరేదీ ఆ మడుగుల్లోనే, గేదెలు పడుకునేదీ అక్కడే, కాబట్టి పిల్లలు వెళ్ళేదీ అక్కడికే.

మీ ఊరి వాగులో మడుగులు ఎక్కడున్నాయో తాతలకూ చేపలు పట్టేవాళ్ళకూ తెలుసు. ఒక సాయంత్రం పిల్లలందరినీ వెంటబెట్టుకుని వాళ్ళతో కలిసి వాగు వెంట నడవండి. పొడుగాటి వెదురు గడ లోపలికి దించి లోతు ఎంతో కళ్ళారా చూపించండి. అలాంటి చోట ఒడ్డున చెట్టుకు ఎర్ర గుడ్డ కట్టండి. స్నానానికి, ఆటకు లోతు తక్కువున్న ఇసుక రేవు ఒకటి మీరే ఎంచి చూపించండి. వద్దు అన్న మాట వెంట ఇక్కడైతే సరే అన్న మాట కూడా ఉంటే పిల్లలు వింటారు.

మనుషులు తవ్వే గుంతలు ఇంకో రకం. ఇసుక తోడిన చోట వాగులో నిలువు గోతులు మిగులుతాయి. వాటి అంచు తడి ఇసుక, కాలు పెడితే జారి లోపలికి లాగుతుంది. కొత్త రోడ్లకు మట్టి ఎత్తిన గుంతలు రోడ్ల పక్కనే ఉంటాయి. మేలో ఒక్క గాలివాన పడితే చాలు, నిండి చెరువుల్లా కనిపిస్తాయి. వాటికి మెట్లుండవు, వాలు ఉండదు, బంకమట్టి గోడ పట్టుకుని పైకి రావటం పెద్దవాళ్ళకే కష్టం. పని ముగిశాక గుంతను పూడ్చమనో, చుట్టూ కంప వేయమనో కాంట్రాక్టరును ఊరంతా కలిసి అడగండి. గ్రామ పంచాయతీలో రాతపూర్వకంగా ఇవ్వండి. నీళ్ళకోసం వాగు ఇసుకలో మనం తీసుకునే చెలమలు కూడా పసివాళ్ళకు లోతే. పని అయ్యాక చుట్టూ ముళ్ళకొమ్మ పెట్టి రండి. ఇంటి దగ్గర బకెట్లలో, గంగాళాల్లో నీళ్ళు మిగిల్చి వదలకండి. పాకే బిడ్డ తలకిందులుగా పడితే జానెడు నీళ్ళు చాలు.

మే చివర, జూన్ మొదట్లో మరో జాగ్రత్త. ఇక్కడ ఎండ కాస్తుండగానే పైన కొండల్లో వాన పడి ఉండొచ్చు. ఆ నీరు ఒక్కసారిగా వస్తుంది. నీళ్ళ రంగు మారినా, ఆకూ చెత్తా కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి హోరు వినిపించినా చెప్పులూ చేపలూ వదిలేసి ఒడ్డెక్కాలని పిల్లలకు ఇప్పుడే చెప్పండి. చర్ల మండలంలో తాలిపేరు ప్రాజెక్టు కింద ఉన్న ఊళ్ళవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పడిన వానకే అక్కడ గేట్లు ఎత్తాల్సి వస్తుంది. ఉరుములు మొదలైతే నీళ్ళలోంచి బయటికి రావాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు.

ఒకరి కోసం ఒకరు దిగితే

2025వ సంవత్సరం తెలుగు నేల మీద చాలా ఇళ్ళకు తీరని దుఃఖం మిగిల్చింది. మే 26న కోనసీమలో ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర, శుభకార్యానికి వచ్చిన యువకులు నదిలో స్నానానికి దిగి ఎనిమిది మంది చనిపోయారు. జూన్ 7న మేడిగడ్డ బ్యారేజీ దగ్గర ఆరుగురు. అదే జూన్ మధ్యలో బాసరలో ఐదుగురు. అంతకు ముందు జనవరి 11న కొండపోచమ్మ సాగర్ జలాశయంలో ఐదుగురు. గోదావరి ఎగువన బాసర నుంచి దిగువన కోనసీమ దాకా అదే కథ. దాదాపు అందరూ ఎదిగిన పిల్లలే, ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళే.

ఇలా ఒకేసారి ఇంతమంది పోవటానికి కారణం చాలాసార్లు ఒకటే. ఒకరు జారతారు. పక్కనున్నవాడు చెయ్యి అందిస్తాడు. మునిగేవాడు ప్రాణభయంతో ఆ చేతిని, మెడను గట్టిగా పట్టేస్తాడు. ఇద్దరూ లోపలికి వెళ్తారు. వాళ్ళ కోసం మూడోవాడు దిగుతాడు. స్నేహం, ధైర్యం, రక్తసంబంధం కలిసి ఇంకొందరిని లాగేస్తాయి. మన పిల్లలు మంచివాళ్ళు కాబట్టే దిగుతారు. వాళ్ళ మంచితనానికి మనం ఒక పద్ధతి నేర్పాలి.

ఆ పద్ధతి మూడు ముక్కలు. కేక వెయ్యి. అందించు. విసురు. మొదట గట్టిగా కేక వేసి పెద్దవాళ్ళను పిలవాలి. తర్వాత ఒడ్డున బోర్లా పడుకుని పొడుగాటి కర్ర, గడ, చీర, తువ్వాలు ఏది దొరికితే అది అందించాలి. నిలబడి అందిస్తే ఎదుటి బరువుకు మనమే లోపల పడతాం. అందనంత దూరంలో ఉంటే తేలే వస్తువో తాడో ఏదైనా విసరాలి: మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, లారీ ట్యూబు, ఎండిన సొరబుర్ర, పశువుల పలుపు. ఈత బాగా వచ్చినవాడు కూడా చేతిలో తేలే వస్తువు లేకుండా దిగకూడదు. దిగినా ఆ వస్తువును మునిగేవాడికి అందించాలే తప్ప తనను పట్టుకోనివ్వకూడదు.

చెప్పి వదిలేస్తే ఆ క్షణానికి గుర్తురాదు. లోతు లేని రేవులో ఆటలా ఆడించండి. ఒకడు మునుగుతున్నట్టు నటిస్తే మిగతావాళ్ళు కేక వేసి, పడుకుని, గడ అందించాలి. స్నానాల రేవు దగ్గర చెట్టుకు ఒక పొడుగాటి తాడు, రెండు ఖాళీ డబ్బాలు ఎప్పుడూ వేలాడుతూ ఉంటే ఆ ఊరికి అంతకంటే చవకైన రక్షణ లేదు. వాటిని ఇంటికి తీసుకుపోవద్దని ఊరి పెద్దలు కట్టుబాటు చేయాలి.

ఈత నేర్పండి, పడవలో ఒంటికి కట్టండి

ఈత రాకపోవటమే పిల్లలకు రక్షణ అని కొందరు తల్లులు నమ్ముతారు. ఈత వస్తే లోపలికి పోతాడని భయం. నీళ్ళ పక్కన పుట్టిన బిడ్డ ఏదో ఒక రోజు నీళ్ళలోకి వెళ్తాడు. వెళ్ళిన రోజు ఈత వచ్చి ఉండటం మేలు. ఆరేడేళ్ళు వచ్చాక నేర్పటం మొదలుపెట్టండి. మన పెద్దలు నడుముకు జీలుగు బెండ్లో ఎండు సొరబుర్రలో కట్టి నేర్పేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది, పక్కన ఈతగాడైన పెద్దమనిషి ఉంటే. ముందు వెల్లకిలా తేలటం నేర్పండి. అలసిపోయినప్పుడు, భయం వేసినప్పుడు నోరూ ముక్కూ పైకి ఉంచి కదలకుండా తేలగలిగితే సాయం వచ్చేదాకా ప్రాణం నిలుస్తుంది. ఆడపిల్లలకు కూడా తప్పకుండా నేర్పండి. బట్టలు ఉతకటానికీ నీళ్ళు తేవటానికీ వాగుకు ఎక్కువసార్లు వెళ్ళేది వాళ్ళే.

ఈత వచ్చిన పిల్లాడికి రెండు షరతులు: ఒంటరిగా దిగకూడదు, బండ మీద నుంచి తలకిందులుగా దూకకూడదు. నిరుడు లోతున్న చోట ఈ ఏడు ఇసుక మేట వేసి ఉండొచ్చు. మెడ విరిగితే జీవితాంతం మంచమే. మూర్ఛ వచ్చే పిల్లల్ని పక్కనే ఒక పెద్దమనిషి లేకుండా నీళ్ళలోకి దించకండి.

నాటు పడవల్లో, తెప్పల మీద నది దాటేటప్పుడు జనం మోయలేనంత ఎక్కితే మీ బిడ్డతో ఆగిపోండి. కాసేపు ఆగితే తర్వాతి పడవ వస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో బోల్తా పడి దాదాపు 50 మంది ప్రాణాలు పోయాయి. లైఫ్ జాకెట్టు పడవలో మూలన పడి ఉంటే ఆ క్షణంలో అందదు, ఎక్కగానే ఒంటికి కట్టండి. ఉక్కగా ఉందని పిల్లలు విప్పేస్తామన్నా ఒడ్డు చేరేదాకా విప్పనివ్వకండి.

నీళ్ళలోంచి తీశాక

మునిగిన బిడ్డను తీశాక మన ఊళ్ళలో కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీస్తారు, నెత్తిన పెట్టుకుని గిరగిరా తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించాలని చూస్తారు. ప్రేమతో చేసే పనులే, కానీ వీటి వల్ల విలువైన నిమిషాలు పోతాయి. కక్కినది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం కూడా ఉంది. ఆ బిడ్డకు కావలసింది ఊపిరి.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు వెంటనే 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. బిడ్డ శ్వాస తీసుకోకపోతే, నోట్లో కనిపించే మట్టీ ఆకూ తీసేసి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేలా నెమ్మదిగా ఊదండి. మొదట కొన్నిసార్లు ఊదాక ఛాతీ మధ్యలో 30 సార్లు లోతుగా, త్వరత్వరగా నొక్కండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు పడే వేగం. తర్వాత రెండుసార్లు ఊదండి, మళ్ళీ 30 సార్లు నొక్కండి. చిన్నపిల్లలకు ఒక్క చెయ్యి చాలు. బిడ్డ శ్వాస తీసుకునేదాకా, లేదా వైద్యులు వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నీరు కొన్ని గంటల తర్వాత కూడా ఇబ్బంది పెట్టొచ్చు. ఈ పద్ధతిని చదివి నేర్చుకోవటం కంటే చూసి నేర్చుకోవటం మేలు. ఆరోగ్య కేంద్రం నర్సమ్మనో, ఛత్తీస్‌గఢ్‌లో ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన మితానిన్‌నో, సరిహద్దు ఇవతల తెలంగాణలో అయితే ఆశా కార్యకర్తనో అడిగి ఊళ్ళో ఒక పూట చూపించమనండి.

కొత్త రోడ్డు, పాత అలవాట్లు

కాలిబాట మీద నడిచేటప్పుడు ఎదురొచ్చేది సైకిలో ఎద్దో. పక్కకు తప్పుకోవటానికి బోలెడు సమయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటుతుంది. దూరంగా ఉందిలే అని పిల్లాడు అడుగు వేసేలోగా మీదికి వచ్చేస్తుంది. చిన్నపిల్లలకు వేగాన్ని అంచనా వేసే శక్తి ఇంకా రాదు. పదేళ్ళు నిండేదాకా రోడ్డు దాటించాల్సింది మనమే, చెయ్యి పట్టుకుని.

రోడ్డు మీద నడిచేటప్పుడు కుడి అంచున నడవటం నేర్పండి. మన దేశంలో బండ్లు ఎడమ వైపు వెళ్తాయి కాబట్టి అప్పుడు వచ్చే బండి కళ్ళకు ఎదురుగా కనిపిస్తుంది. ఒకరి పక్కన ఒకరు కాకుండా ఒకరి వెనక ఒకరు నడవాలి. సంత నుంచి చీకటి పడ్డాక వచ్చేటప్పుడు తెల్ల తువ్వాలు భుజాన వేసుకోవాలి, టార్చి చేతిలో ఉండాలి.

ఇప్పపువ్వు, మిరపకాయలు, వడ్లు ఆరబోయటానికి తారు రోడ్డు చాలా అనువుగా ఉంటుంది. త్వరగా ఎండుతాయి, మట్టి అంటదు. పశువులు తినకుండా కాపలాకు పిల్లల్ని కూర్చోబెడతాం. ఆ పిల్లలు అక్కడే ఆడుకుంటారు, కునుకు తీస్తారు. దయచేసి ఆ అలవాటు మానండి. కల్లంలో, బడి ఆవరణలో పట్టాలు పరిచి ఆరబోసుకోండి. గింజల మీద బైకు జారితే నడిపేవాడికీ ప్రమాదమే, కాపలా ఉన్న బిడ్డకూ ప్రమాదమే.

బాటల గురించి ఈ ప్రాంతపు తల్లిదండ్రులు పిల్లలకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. బీజాపూర్ అడవుల్లో బాటల పక్కన పాతిన మందుపాతరల వల్ల ఇప్పపువ్వుకు, ఆకుకు వెళ్ళిన మామూలు జనం కూడా గాయపడ్డారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. తీగ, టిఫిన్ డబ్బా, సీసా, ప్రెషర్ కుక్కర్, కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే ముట్టకూడదు, తన్నకూడదు, రాయి విసరకూడదు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వచ్చి పెద్దవాళ్ళకు చెప్పాలి. అందరూ నడిచే బాట వదిలి కొత్త దారి తొక్కొద్దని పిల్లలకు ప్రతి ఏడూ గుర్తు చేయండి.

ట్రాక్టరు, ఆటో, బండి తాళం

మిర్చి కోతలకు వెళ్ళే కూలీలనూ పెళ్ళివాళ్ళనూ మోసుకెళ్ళేది చాలావరకు ట్రాక్టరు ట్రాలీలే. ట్రాలీ సామాను కోసం తయారైంది. కూర్చోవటానికి సీటు లేదు, పట్టుకోవటానికి ఆధారం లేదు. ఒక చక్రం గుంతలోకి దిగినా, కల్వర్టు దగ్గర డ్రైవరు ఒక్కసారి తిప్పినా బోల్తా పడుతుంది. వేరే దారి ఉంటే పిల్లలతో ట్రాలీ ఎక్కకండి. తప్పదనుకున్న రోజున పిల్లల్ని మధ్యలో, అడుగున కూర్చోబెట్టండి. అంచు మీద, సామాను కుప్ప మీద వద్దు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద, డ్రైవరు పక్కన పిల్లల్ని ఎప్పుడూ కూర్చోబెట్టకండి. అక్కడి నుంచి జారితే పడేది పెద్ద చక్రం కిందే. డ్రైవరు తాగి ఉంటే బయల్దేరొద్దు. తాటికల్లు, ఇప్పసారా మన పండగల్లో, పెళ్ళిళ్ళలో భాగం. తాగినవాడు ఆ రాత్రి అక్కడే పడుకుని తెల్లారాక బండి తీయటాన్ని కూడా మన మర్యాదలో భాగం చేసుకుందాం. ఆ మాట చుట్టాల్లో గట్టిగా చెప్పగలిగేది ఇంటి ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు.

బైకు మీద నలుగురు వెళ్ళటం మన దగ్గర మామూలైపోయింది. చట్టం ప్రకారం నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలి, నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్తే బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్, బిడ్డను నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన అమల్లో ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 50,029 మంది హెల్మెట్ లేని బైకు ప్రయాణికులు. సరైన హెల్మెట్ పెట్టుకుంటే తల దెబ్బల ముప్పు మూడింట రెండు వంతులు తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే తేలింది. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. చర్ల సంతకు వెళ్ళేటప్పుడు కూడా పెట్టుకోండి. పిల్లల్ని పెట్రోలు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టకండి, ఏదైనా తగిలితే మొదటి దెబ్బ వాళ్ళకే.

పద్నాలుగేళ్ళ కొడుకు బండి అడిగితే తండ్రికి ఒక ముచ్చట. వాడు పెద్దవాడయ్యాడన్న సంతోషం. ఆ సంతోషం నాకు అర్థమవుతుంది. అయినా తాళం ఇవ్వకండి. పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు వచ్చేదాకా ఆగండి. మైనరు బండి నడిపి పట్టుబడితే బండి యజమానికి గానీ సంరక్షకులకు గానీ మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంటాయని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెప్తోంది. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తన బిడ్డ చేతిలో ఇంకొకరి బిడ్డ చనిపోతే ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

దారిలో ఎవరైనా గాయపడి కనిపిస్తే ఆగండి. సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టకుండా, వివరాలు చెప్పమని బలవంతం చేయకుండా అదే చట్టం రక్షణ ఇస్తోంది. పోలీసుల భయంతో ముఖం తిప్పుకుని వెళ్ళిపోకండి.

ఎండ కూడా దారిలో ఒక ప్రమాదమే

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి అడవి దారిన నడిచి వస్తున్న 12 ఏళ్ళ పాప, ఇల్లు ఇంకాస్త దూరంలో ఉందనగా చనిపోయింది. అలసట, ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోవటం కారణమన్నారు. ఆ బిడ్డ మిర్చి కోయటానికి వెళ్ళింది. కాబట్టి పిల్లల్ని కోతలకు తీసుకెళ్ళొద్దని మొదట వేడుకుంటున్నాను. ప్రయాణం తప్పనప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా నీడన ఆగండి. తలకు తువ్వాలు, కాళ్ళకు చెప్పులు, సొరబుర్ర నిండా నీళ్ళు, జావ లేదా ఉప్పు వేసిన గంజి వెంట ఉంచుకోండి. అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఓఆర్ఎస్ పొట్లాలు అడిగి తెచ్చుకోండి. బిడ్డ మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా, మగతగా ఉన్నా నీడకు చేర్చి బట్టలు వదులు చేసి తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెలివిలేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకండి.

చివరిగా ఒక విన్నపం

ఇక్కడ చెప్పినవన్నీ ఒక్క రోజులో చేయలేరు, చేయనక్కర్లేదు. ఈ వారం మూడు పనులు చేయండి. ఒకటి, కలిసి పనికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు కూర్చుని పిల్లల్ని చూసే వంతులు వేసుకోండి. రెండు, రేవు దగ్గర ఒక తాడూ రెండు డబ్బాలూ కట్టి, కేక, అందించటం, విసరటం పిల్లలతో ఆడించండి. మూడు, బండి తాళం మీ జేబులో పెట్టుకుని, మీరు హెల్మెట్ పెట్టుకోండి. పిల్లలు మన మాట కంటే మన నడవడినే త్వరగా నేర్చుకుంటారు. మీరు తాగి బండి తీయకపోతే వాళ్ళూ తీయరు. మీరు మడుగు దగ్గర ఆగితే వాళ్ళూ ఆగుతారు.

పామేడులోనైనా చర్లలోనైనా, రాయపూర్‌లో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా, రేపు పొద్దున పనికి బయల్దేరే ముందు ఇంట్లో ఒక్క మాట అడగండి: ఈ పూట పిల్లల్ని చూసేదెవరు? పేరు వినిపించిన తర్వాతే గడప దాటండి.